ఉద్యోగంలో ఉన్న ఇంజనీరుకు వారం రోజుల బడి

విజయవాడ వద్ద కృష్ణానదికి అడ్డంగా నిలిచిన ప్రకాశం బ్యారేజీలో 70 పెద్ద గేట్లు ఉన్నవి. ఒక్కొక్క గేటు వెడల్పు 40 అడుగులు, ఎత్తు 12 అడుగులు. నీరు సరిగా పై అంచు దాకా నిలిచి ఉన్నదనుకొంటే, ఒక్క గేటును ఆ నీరు ఎంత బలంతో నెడుతుందో హైస్కూలు విద్యార్థి కూడా లెక్క కట్టవచ్చు. నీటి ఒత్తిడి పై అంచు వద్ద సున్న. కింది అంచు వద్ద, అనగా 3.66 మీటర్ల లోతున, చదరపు మీటరుకు 3.66 టన్నులు. సగటు 1.83 టన్నులు. గేటు వైశాల్యం సుమారు 44.6 చదరపు మీటర్లు. రెంటినీ గుణిస్తే దాదాపు 82 టన్నులు వస్తుంది.

లెక్క ఇంతటితో అయిపోలేదు. ఆ గేటును పైకి ఎత్తాలి కదా! 82 టన్నుల బలంతో గాడికి అదిమిపెట్టిన ఇనుప పలకను ఈడ్చి ఎత్తవలసి వస్తే, ఘర్షణ గుణకం 0.4 అనుకొన్నా, ఘర్షణను జయించడానికే 33 టన్నుల లాగుడు కావాలి. గేటు సొంత బరువు దీనికి అదనం. అందుకనే ఇటువంటి గేట్లకు అంచుల్లో చక్రాలు పెడతారు. జారే ఘర్షణకు బదులు దొర్లే ఘర్షణ వస్తుంది, అది ఎన్నో రెట్లు తక్కువ. ఇక సొంత బరువు సంగతి. దానికి ఉపాయం మన పల్లెల్లో ఏతం తొక్కినవారికి తెలిసినదే. ఏతపు మాను వెనుక కొసన రాయి కడితే బానతో నీరు తోడేవానికి సగం శ్రమ తప్పుతుంది. గేటుకూ అంతే; తాడుకు రెండవ కొసన ప్రతిభారం వేలాడుతుంది. యంత్రం ఎత్తవలసినది రెండు బరువుల మధ్యనున్న తేడాను, మిగిలిన ఘర్షణను మాత్రమే.

2024 సెప్టెంబరు 2వ తేదీన ఈ బ్యారేజీ గుండా సెకండుకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల నీరు పోయినది. 2009 అక్టోబరు వరదనాటి 11 లక్షల 10 వేల క్యూసెక్కులను అది మించినది. ఆ వరదలో ఎగువ నుంచి కొట్టుకొని వచ్చిన ఇనుప పడవలు బ్యారేజీని ఢీకొన్నవి. 67, 69 నంబర్ల గేట్ల ప్రతిభారాలు దెబ్బతిన్నవి.

ఒక పడవ బరువు 40 టన్నులనీ, అది సెకండుకు 3 మీటర్ల వేగంతో వస్తున్నదనీ ఉదాహరణకు అనుకొందాం. దాని గతిశక్తి 1,80,000 జౌళ్ళు. అడ్డు తగిలి 30 సెంటీమీటర్లలో ఆగిపోతే సగటు బలం 6 లక్షల న్యూటన్లు, అనగా 61 టన్నుల బరువుకు సమానం. అంత బలం ఒక కాంక్రీటు దిమ్మె మీద, ఒక పక్కన, ఒక్క క్షణంలో పడినది. కాంక్రీటు నొక్కితే ఓర్చుకొంటుంది, వంచితే ఓర్చుకోదు.

ఇంతవరకు బడి లెక్కలు సరిపోయినవి. ఇక మీద సరిపోవు. దెబ్బ తగిలిన చోటనుంచి ఆ బలం ఎటు పాకినది? పైకి కనిపించని బీట ఎక్కడ ఉండవచ్చు? దెబ్బ తిననట్లు కనిపిస్తున్న పక్క గేటును నమ్మవచ్చునా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన ఇంజనీరు కళాశాల విడిచి ఇరవై, ముప్పై ఏళ్ళు అయి ఉండవచ్చు. బ్యారేజీ 1957లో పూర్తి అయినది. కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల 1977లోను, కోనేరు లక్ష్మయ్య కళాశాల 1980లోను ప్రారంభమైనవి. వాటిలో మొదట చేరిన విద్యార్థులు చదువుకొంటున్న కాలానికి బల్లమీద పెట్టుకొనే కంప్యూటరు మన ఊళ్ళలో లేదు. వారిలో ఉద్యోగాలలో కుదిరినవారు ఇప్పటికి పదవీ విరమణ చేసి ఉంటారు. ఈ మధ్యకాలంలో గేట్లు అవే, నది అదే, కాని వాటిని లెక్కించే విద్య పూర్తిగా మారిపోయినది.

అయితే ఉద్యోగంలో ఉన్నవారు నాలుగేళ్ళు సెలవు పెట్టి మళ్ళీ చదవలేరు. ఈ చిక్కును విప్పడానికి పుట్టినదే స్వల్పకాలిక ఉన్నత కోర్సు. అయిదు రోజులు, పది రోజులు, మహా అయితే కొన్ని వారాలు. ఒకే విషయం. దానిలో స్వయంగా పనిచేసినవారే గురువులు. శిష్యులు కూడా చేతిలో ఏదో ఒక తెగని సమస్య పెట్టుకొని వచ్చినవారే. పరీక్ష కోసం కాక, సోమవారం మళ్ళీ ఆఫీసుకు పోయి ఆ సమస్యను తెంచడానికి చదివే చదువు ఇది.

డెల్టాలో ఇంజనీరు చదువుకు మూలం

మన ప్రాంతంలో ఇంజనీరింగు విద్య మొదలైనదే పని అవసరాన్ని బట్టి. 18వ శతాబ్దం చివర కృష్ణా, గోదావరి ముఖప్రాంతాలను కొలిచిన మైకేల్ టాపింగ్ అనే ఖగోళజ్ఞుడు, కొలతలు తీయడం తెలిసినవారు దొరకక, 1794లో మద్రాసులో ఎనిమిదిమంది పిల్లలతో ఒక సర్వే పాఠశాల పెట్టించాడు. ఆ బడే పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల అయినది. టాపింగ్ మాత్రం 1796లో మచిలీపట్నంలో జ్వరంతో మరణించాడు. ఆయన తరువాత అరవై ఏళ్ళకు గాని బెజవాడ వద్ద ఆనకట్ట లేవలేదు. ఛార్లెస్ ఆర్ అనే ఇంజనీరు 1852లో మొదలుపెట్టి 1855లో దానిని ముగించాడు. ఆ ఆనకట్ట 1952లో తెగిన మీదటనే నేటి బ్యారేజీ కట్టవలసి వచ్చినది. తొంభై ఏడేళ్ళు నిలిచిన కట్టడమన్నమాట. ఒక్క ఇంజనీరు ఉద్యోగకాలం దానిలో మూడవవంతు కాస్త దాటుతుంది. కట్టడం తరాలు దాటుతుంటే చదువు ఒక తరంలోనే ఆగిపోతుంది. ఈ తేడా ఎప్పుడూ ఉన్నదే. కంప్యూటర్లు వచ్చిన తరువాత ఇది మరీ పెరిగినది.

ఆలస్యంగా వచ్చిన విద్యార్థి

కొద్ది వారాల కోర్సు ఏమి చేయగలదో తెలియాలంటే కంప్యూటర్ చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. 1946 వేసవిలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మూర్ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు స్కూలు ఎనిమిది వారాల ఉపన్యాసాలు ఏర్పాటు చేసినది. ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ గణకయంత్రం అంతకు కొన్ని నెలల ముందే అక్కడ లోకానికి ప్రదర్శితమైనది. దానిని నిర్మించిన ఎకర్ట్, మాక్లీలు ముఖ్యోపన్యాసకులు. ఆహ్వానింపబడిన విద్యార్థులు సుమారు ముప్పైమంది మాత్రమే.

కేంబ్రిడ్జి నుంచి రావలసిన మారిస్ విల్క్స్‌కు, యుద్ధం ముగిసిన కొత్తలో ఓడ ప్రయాణం సులభంగా దొరకలేదు. ఆయన చేరేటప్పటికి ఆరు వారాల పాఠాలు అయిపోయినవి. మిగిలిన రెండు వారాలే విన్నాడు. తిరుగు ప్రయాణంలో ఓడ మీదనే తన యంత్రానికి నమూనా గీయడం మొదలుపెట్టాడు. 1949 మే 6న ఆ యంత్రం, ఎడ్‌సాక్, వర్గసంఖ్యల పట్టికను అచ్చువేసినది. ఆజ్ఞలను తన జ్ఞాపకంలోనే దాచుకొని పనిచేస్తూ, శాస్త్రజ్ఞుల నిత్యావసరాలకు ఉపయోగపడిన మొదటి కంప్యూటర్లలో అది ఒకటి.

కథ అక్కడ ఆగలేదు. తాను విన్న బడి వంటి బడినే విల్క్స్ బృందం కేంబ్రిడ్జిలో పెట్టినది. 1951లో అక్కడ ప్రోగ్రామింగు వేసవి కోర్సుకు హాలండు నుంచి భౌతికశాస్త్రం చదువుతున్న కుర్రవాడు ఒకడు వచ్చాడు. పేరు ఎడ్‌స్కర్ డైక్‌స్ట్రా. ఒక ఊరినుంచి మరొక ఊరికి అతి దగ్గర దారి కనుగొనే పద్ధతిని తరువాత కాలంలో చెప్పినది అతడే. నేడు చేతిఫోనులో దారి చూపే సాధనాల వెనుక ఆ ఆలోచన ఉన్నది.

మన దేశంలో ఇటువంటి పని కాన్పూరు ఐ.ఐ.టి. చేసినది. 1963 ఆగస్టులో అక్కడికి ఐ.బి.ఎం. 1620 అనే కంప్యూటరు వచ్చినది. ఒక విద్యాసంస్థకు అంత ఖరీదైన యంత్రం వస్తే తాళం వేసి కాపాడుకోవడం మన అలవాటు. అక్కడివారు అట్లా చేయలేదు. రాజారామన్ మొదలైన అధ్యాపకులు ఇతర కళాశాలల ఉపాధ్యాయులను, పరిశోధనశాలల ఉద్యోగులను పిలిచి పది రోజుల కోర్సులు నడిపినారు. వచ్చినవారు ఫోర్ట్రాన్ భాష నేర్చుకొని, కార్డులకు బెజ్జాలు కొట్టి, తమ లెక్కలను తామే యంత్రానికి ఇచ్చేవారు. ఆ పది రోజులలో నేర్చుకొన్నవారు తమ ఊళ్ళకు పోయి మరి కొందరికి నేర్పినారు. రాజారామన్ 1969లో ప్రోగ్రామింగు మీద అచ్చువేసిన పుస్తకం దేశమంతటా విద్యార్థుల చేతికి వచ్చినది.

యాంత్రికశాస్త్రంలో ఈ పద్ధతికే అంకితమైన సంస్థ ఇటలీలో ఉన్నది. 1968లో లుయిజీ సొబ్రెరో అనే ఆచార్యుడు ఉడినే పట్టణంలో అంతర్జాతీయ యాంత్రికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించాడు. ఒక పాత భవనం, చిన్న పట్టణం. పట్టాలు ఇవ్వదు. వారం రోజుల కోర్సులే దాని ముఖ్యమైన పని. ఒక్కొక్క విషయానికి వేరువేరు దేశాలనుంచి కొందరు ఆచార్యులు వస్తారు, సోమవారం మొదలై శుక్రవారానికి పాఠం ముగుస్తుంది. ఆ పాఠాలు సంపుటాలుగా అచ్చవుతూ ఉంటవి. పదార్థాలు విరగడం, ద్రవాల ప్రవాహం, నిర్మాణాల కంపనం, వీటిని కంప్యూటరు మీద లెక్కించే మార్గాలు ఆ పాఠాల విషయాలు. యాంత్రికశాస్త్రాన్ని, గణనశాస్త్రాన్ని ఒకే గదిలో కూర్చోబెట్టడం దాని విశేషం. ఆ రెంటికీ పొత్తు ఎందుకు కావాలో ఒక గేటును ముందు పెట్టుకొని చూద్దాం.

గేటులో దాగిన ఇరుసు

నదుల మీద మరొక రకపు గేటు విస్తారంగా కనిపిస్తుంది. పళ్ళెపు ముక్కలాగా వంపు తిరిగిన పలక, దానిని పట్టుకొన్న రెండు పొడుగాటి చేతులు, చేతుల చివర స్తంభాలలో అమర్చిన రెండు ఇరుసులు. వంపు పలక ఒక వృత్తంలో భాగం, ఇరుసు ఆ వృత్తానికి కేంద్రం. దీనిలోని తెలివి ఇది: నీటి ఒత్తిడి ఎప్పుడూ తలానికి లంబంగా పనిచేస్తుంది. వృత్తానికి లంబరేఖ కేంద్రం గుండానే పోతుంది. కాబట్టి నీటి బలమంతా సూటిగా ఇరుసు మీదికి చేరుతుంది, గేటును పైకి గాని కిందికి గాని తిప్పదు. ఎత్తేవారికి నీటితో పోరాటం లేదు. చేతులు కేవలం నొక్కుడును భరిస్తే చాలు.

1940, 50 సంవత్సరాలలో ఇటువంటి గేట్లను లెక్క కట్టినవారిలో చాలామంది ఇంతవరకే చూచినారు. ఇరుసు వద్ద ఘర్షణను లెక్కలోకి తీసుకోలేదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫోల్సమ్ అనే ఆనకట్ట మన ప్రకాశం బ్యారేజీ ఈడుదే. దాని గేటు ఒక్కొక్కటి 42 అడుగుల వెడల్పు, 50 అడుగుల ఎత్తు. పైన చేసిన లెక్కనే దీనికి చేస్తే, నిండు జలాశయపు బలం సుమారు 1500 టన్నులు అవుతుంది. 1995 జులై 17న దాదాపు నిండి ఉన్న జలాశయంలో 3వ నంబరు గేటును ఎత్తుతుండగా దాని చేతులను కలిపే బద్దె విరిగి, చేతులు వంగి, గేటు కూలిపోయినది. సెకండుకు దాదాపు 40 వేల ఘనపుటడుగుల నీరు అదుపు లేకుండా పోయినది.

కారణం వెదకినవారు ఇరుసు దగ్గరకు వచ్చినారు. ఉదాహరణకు ఇరుసు వ్యాసార్థం 40 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.1 అనుకొందాం. 1500 టన్నులను 0.1తోను, 0.4 మీటరుతోను గుణిస్తే 60 టన్ను-మీటర్ల మెలి వస్తుంది. గేటు కదలబోయినప్పుడు ఇరుసు దానిని పట్టి ఆపబోతుంది. ఆ మెలి చేతులను వంచుతుంది. నొక్కుడుకు మాత్రమే తయారైన చేతులకు వంపు కూడా తోడైనది. గ్రీజు చాలక, తేమ చేరి, ఏళ్ళ తరబడి తుప్పు పట్టి గుణకం 0.2 అయితే మెలి 120 అవుతుంది. బయటికి గేటు కొత్తదానివలెనే కనిపిస్తుంది. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం ఇరుసు కొంచెం కొంచెంగా బిగుసుకుపోతుంది.

మన ప్రాంతంలో కూడా 2021 ఆగస్టు 5న కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీకి ఎగువనున్న పులిచింతల జలాశయంలో 16వ నంబరు గేటు కొట్టుకొని పోయినది. ఇదీ ఇరుసు మీద తిరిగే రకమే. తాత్కాలికపు అడ్డుపలకలు దించడానికి వీలుగా జలాశయంలోని నీటిని చాలావరకు దిగువకు వదలవలసి వచ్చినది. ఈ ప్రాజెక్టుకు డాక్టర్ కె. ఎల్. రావు పేరు పెట్టినారు. కృష్ణాజిల్లా కంకిపాడులో పుట్టిన ఆయన, బర్మింగ్‌హామ్‌లో డాక్టరు పట్టా పొంది, కేంద్రంలో నీటిపారుదల మంత్రి కూడా అయినారు. ఫోల్సమ్‌లోను పులిచింతలలోను గేట్లు ఒకే కారణాన పోయినవని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. పాత విద్య చూడని మూలలు గేటులో ఉంటవని మాత్రమే.

ముక్కలు చేసి లెక్కించడం

ఇప్పుడు కంప్యూటరు సంగతి. గేటు వంటి వస్తువులో ఏ చోట ఎంత ఒత్తిడి ఉన్నదో ఒక సూత్రం రాసి కనుక్కోవడం సాధ్యం కాదు. ఆకారం క్లిష్టంగా ఉంటుంది. దానికి మార్గం వస్తువును చిన్న చిన్న ముక్కలుగా ఊహించడం. ఒక్కొక్క ముక్కను స్ప్రింగువలె భావించి, ముక్కలు కలిసే ప్రతి చోటా బలాలు సరితూగాలని ఒక సమీకరణం రాయడం. దీనినే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, తెలుగులో పరిమిత మూలక పద్ధతి, అంటారు.

చిన్న ఉదాహరణ. పైకప్పునుంచి ఒక కడ్డీ వేలాడుతున్నది. పై సగం లావు, కింది సగం సన్నం. పై భాగం ఒక మిల్లీమీటరు సాగడానికి 2 టన్నులు కావాలి, కింది భాగానికి 1 టన్ను చాలు. కింది కొసకు 3 టన్నుల బరువు కట్టినాము. రెండు భాగాలు కలిసేచోటు క మిల్లీమీటర్లు, కింది కొస చ మిల్లీమీటర్లు దిగినవనుకొందాం. కలిసేచోట పై భాగపు లాగుడు, కింది భాగపు లాగుడు సమానం కావాలి: 2క = చ − క. కింది కొసన లాగుడు బరువుకు సమానం కావాలి: చ − క = 3. కనుక క = 1.5, చ = 4.5.

రెండు ముక్కలు, రెండు సమీకరణాలు. గేటును యాభై వేల ముక్కలు చేస్తే సమీకరణాలు లక్షలకు పోతవి. వాటిని చేతితో విప్పడానికి జీవితం చాలదు, కంప్యూటరు నిమిషాలలో విప్పుతుంది. విప్పి, ఒత్తిడి ఎక్కువైన చోట ఎరుపు, తక్కువైన చోట నీలం వేసి బొమ్మ చూపుతుంది. ఈ రంగులను చూచి మురిసిపోవడంలో ప్రమాదం ఉన్నది. ఇరుసు ఘర్షణను మనము సమీకరణాలలో రాయకపోతే కంప్యూటరు దానిని తనంతట తాను రాయదు. ఫోల్సమ్ గేటును నేటి కంప్యూటరు మీద ఘర్షణ లేకుండా లెక్కిస్తే, చేతులు నిశ్చింతగా ఉన్నవని అందమైన నీలిరంగులో జవాబు వస్తుంది. అందువల్లనే ప్రోగ్రాము మీట నొక్కడం మాత్రమే నేర్పే కోర్సులు ఎన్ని జరిగినా ఉపయోగం స్వల్పం. అటువంటివి ఇప్పుడు మన కళాశాలల్లో కొల్లలుగా జరుగుతున్నవి కూడా.

ఈ పద్ధతి పుట్టుకలో ఒక ముచ్చట ఉన్నది. బర్క్లీలో సివిల్ ఇంజనీరింగు ఆచార్యుడైన రే క్లఫ్, 1952, 53 వేసవి సెలవులలో సియాటిల్‌లోని బోయింగ్ విమానాల కంపెనీకి పనిచేయడానికి వెళ్ళాడు. అక్కడి సమస్య త్రికోణాకారపు విమానపు రెక్క ఎంత వంగుతుందో లెక్కించడం. ఆ ఆకారాన్ని డెల్టా రెక్క అంటారు. గ్రీకు అక్షరం డెల్టా త్రికోణం కదా. మన కృష్ణా డెల్టాకు పేరు వచ్చినదీ ఆ అక్షరం మీదుగానే. పాత పద్ధతులు ఆ రెక్కకు కుదరలేదు. కంపెనీ ఇంజనీరు టర్నర్ నాయకత్వాన రెక్కను ముక్కలుగా చేసి లెక్కించినారు. నలుగురు కలిసి 1956లో ఆ వ్యాసం ప్రకటించినారు. 1960లో ఆ పద్ధతికి నేటి పేరు పెట్టినది క్లఫ్. అనగా ఈ విద్యను గురువు పనివారికి నేర్పడానికి ముందు, గురువే వేసవిలో పనిచోటికి పోయి నేర్చుకొని వచ్చినాడు. స్వల్పకాలిక కోర్సులు పెట్టేవారు సాధారణంగా మరచిపోయే సంగతి ఇది.

మనకు ఉన్నవి, లేనివి

మన దేశంలో ఉద్యోగంలో ఉన్న నీటిపారుదల ఇంజనీర్లకోసం రూర్కీలో 1955లోనే ఒక శిక్షణ కేంద్రం ఏర్పడినది. దేశంలోని ఇంజనీర్ల సంఘం 1981లో హైదరాబాదులో ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీని స్థాపించినది. అక్కడ పనిలో ఉన్నవారికి కొద్ది రోజుల కోర్సులు నడుస్తున్నవి. ఇంజనీరింగు అధ్యాపకుల విద్యాభివృద్ధికి 1970లో మొదలైన కేంద్ర పథకం కింద ఐ.ఐ.టి.లలోను ఇతర పెద్ద సంస్థలలోను స్వల్పకాలిక కోర్సులు జరుగుతూ వచ్చినవి. 2015లో ప్రారంభమైన జ్ఞాన్ పథకం విదేశపు ఆచార్యులను వారం, రెండు వారాలకు పిలిపించి పాఠాలు చెప్పించినది. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగళూరు సైన్సు సంస్థ కలిసి ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఆ సంస్థల పాఠాలు అవనిగడ్డలో ఉన్నవారు కూడా ఇంటివద్ద వినవచ్చు. పాఠం దొరకడం అనే చిక్కు చాలావరకు తీరినది.

తీరనిది వేరొకటి. కళాశాలల్లో జరిగే కోర్సులకు ఎక్కువగా వచ్చేది కళాశాలల అధ్యాపకులే. వారికి ప్రమోషనుకు సర్టిఫికెట్టు కావాలి. గేటు దగ్గర ఉండే ఇంజనీరుకు సెలవు దొరకదు, పిలుపూ అందదు. ఇద్దరూ ఒక గదిలో కూర్చోకపోతే అధ్యాపకునికి నిజమైన సమస్య దొరకదు, ఇంజనీరుకు కొత్త పద్ధతి దొరకదు.

పనిచోటనే నిలిచిపోయిన విద్య ఎంత విలువైనదో 2024లో రెండుసార్లు చూచినాము. ఆగస్టు 10న తుంగభద్ర ఆనకట్టలో 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొని పోయినది. నీరు ఉరుకుతుండగానే, ఉక్కు పలకలను ఒకదానిమీద ఒకటి గాడిలోకి దించి, వారం రోజుల్లో ఆ ఖాళీని మూసినారు. ఆ పనికి దారి చూపినది ఎనభై ఏళ్ళకు చేరువలో ఉన్న గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు. ఆయన హోస్పేటలోని తుంగభద్రా ఉక్కు ఉత్పత్తుల కర్మాగారంలో పనిచేసినవారు. సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ ప్రతిభారాలు దెబ్బతిన్నప్పుడు కూడా ఆయన పర్యవేక్షణలోనే, కాంక్రీటు దిమ్మెలకు బదులు ఉక్కుతో చేసినవి అమర్చినారు. పారే నీటిలోకి పలకను దించేటప్పుడు అది ఎటు కొట్టుకొంటుంది, ఏ క్షణాన తాడు వదలాలి, గాడిలో ఇసుక చేరితే ఏమి చేయాలి అనేవి ఏ పాఠ్యపుస్తకంలోను విపులంగా లేవు. ఆయన పనిచేసిన కర్మాగారం ఇప్పుడు లేదు. ఆ విద్య మనుషులలో మిగిలినది.

డెల్టాలో ఇటువంటి కోర్సు ఒకటి పెట్టదలిస్తే కాలం వెదకనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టివేస్తారు, కళాశాలలకూ సెలవులు. గేట్లకు మరమ్మతులు, ఇరుసులకు గ్రీజు, తాళ్ళ పరీక్ష అప్పుడే. మొదటి రెండు రోజులు నీటి బలాలు, ఘర్షణ. తరువాత రెండు రోజులు ముక్కలుగా లెక్కించే పద్ధతి, వచ్చినవారి సొంత గేటు కొలతలతోనే. అయిదవనాడు బ్యారేజీ మీద, పదవీ విరమణ చేసిన గేటు మేస్త్రీలు గురువులుగా. మనిషి చెప్పినది తెలుగులోనే రాసి పెట్టుకోవాలి. కంప్యూటరులో గేటు నమూనా ఉన్నవారు ఆనాడు ఇరుసు నిజంగా తిరగడానికి ఎంత లాగుడు కావలసివచ్చినదో కొలిచి, ఘర్షణ గుణకాన్ని పుస్తకంలోనిది తీసివేసి కొలిచినది వేయవచ్చు. కోర్సు మొత్తానికి అన్నిటికన్న విలువైన అంకె అదే అవుతుంది.

ఆ కొలతను హైస్కూలు ప్రయోగశాలలోనే చిన్నదిగా చేసి చూడవచ్చు. ఒక లావుపాటి మేకును అడ్డంగా బిగించి, దాని మీద కొయ్య గిలకను తొడగండి. గిలకమీదుగా దారం వేసి రెండు కొసలకు అరకిలో చొప్పున తూనికరాళ్ళు కట్టండి. ఒక పక్కన ఒక్కొక్క గ్రాము చేర్చుతూ గిలక కదలడం మొదలుపెట్టిన బరువును రాసుకోండి. తరువాత రెండు వైపులా కిలో చొప్పున కట్టి మళ్ళీ చేయండి. అదనపు బరువు దాదాపు రెట్టింపు కావాలి. ఇరుసు మీద భారం పెరిగినకొద్దీ దాని ఘర్షణ పెరుగుతున్నదన్నమాట. అదనపు బరువును గిలక వ్యాసార్థంతో గుణించి, ఇరుసు మీది మొత్తం భారంతోను, మేకు వ్యాసార్థంతోను భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. మేకుకు నూనె రాసి ఒకసారి, నూనె తుడిచి మేకును ఉప్పునీటిలో వారం రోజులు ఉంచి తుప్పు పట్టిన తరువాత మరొకసారి చేసి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చూడండి.